నెల లెక్క ఎవరి దగ్గరుంది?

పల్లె ఆడోళ్ళ ఒళ్ళు – 9

పోయిన వారం రక్తహీనత గురించి రాశాక చాలామంది చెల్లెళ్ళు ఒకటే అడిగారు: "అక్కా, పెళ్ళయి ఏడాది దాటింది, ఏ రోజుల్లో కలిస్తే నిలుస్తుంది?" విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. తమ్ముళ్ళు కూడా చదవండి, ఇందులో సిగ్గుపడే సంగతేమీ లేదు.

మా పల్లెలో ఆడమనిషి నెల లెక్క అందరి దగ్గరా ఉంటుంది. అత్త లెక్కపెడుతుంది. మిరప కోతకి ఎన్ని రోజులు రాలేదో ముఠా మేస్త్రి లెక్కపెడతాడు. పెళ్ళయి ఆరు నెలలు దాటితే వీధి మొత్తం "ఏమన్నా విశేషమా?" అంటుంది. ఇంకో ఏడాది గడిస్తే "గొడ్రాలు" అన్న మాట సిద్ధంగా ఉంటుంది. లెక్క లేనిది ఆ మనిషి దగ్గరే.

నాకు ముప్పై ఒకటి. బిడ్డ కావాలని మేమిద్దరం అనుకున్నాక, ప్రయత్నం మొదలుపెట్టడానికి ఆరు నెలల ముందే గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టడం మొదలెట్టా.

రక్తం కనబడిన రోజే ఒకటో రోజు. మా వైపు చాలామంది తలకి పోసుకున్న రోజు నుంచి లెక్కేస్తారు. అక్కడే మూడు నాలుగు రోజులు తేడా కొడుతుంది. ఒకటో రోజు నుంచి మళ్ళీ ఒకటో రోజు ముందు వరకు ఒక చక్రం. నావి 33, 35, 32, 34, 33, 34 వచ్చాయి.

అందరూ చెప్పే పద్నాలుగో రోజు 28 రోజుల చక్రం ఉన్నవాళ్ళకి. అండం విడుదలయ్యేది వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. జపాన్ వైద్యుడు ఒగినో 1920ల్లోనే ఈ సంగతి తేల్చాడు. ఆ లెక్కన నాకు 18 నుంచి 21 రోజుల మధ్య. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు, అండం ఒక్క రోజే. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు ముఖ్యం. ఆ రోజుల్లో తెల్లబట్ట పచ్చి గుడ్డు తెల్లసొనలా జారుగా, సాగేట్టు ఉంటుంది. అది జబ్బు కాదు, గుర్తు. చక్రం ఒక నెల 25, ఒక నెల 50 అయితే ఈ లెక్క పనిచేయదు. థైరాయిడ్, పీసీఓఎస్ పరీక్షలు చేయించుకోవాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మా అమ్మకి ఇరవై రెండేళ్ళకే క్యాంపులో చేశారు. అండం ఎప్పుడు విడుదలవుతుందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆపడానికి జీపు పంపినవాళ్ళు, తెలుసుకోవడానికి ఒక్క మాట పంపలేదు. 1938లో బొంబాయి శాసనసభలో బాబాసాహెబ్ తరఫున రోహమ్ సంతాన నియంత్రణ తీర్మానం పెడితే ఓడిపోయింది. ఎప్పుడు కనాలో, కనాలో వద్దో ఆడమనిషి తేల్చుకోవాలంటే ముందు తన ఒళ్ళు తనకి తెలియాలి.

రెండు నెలల కింద ఒక ప్రైవేటు సంతాన కేంద్రానికి పరీక్షల కోసం వెళ్ళా. నా తేదీలు అడగకముందే ప్యాకేజీ ధర చెప్పారు. ఊరు పేరు, పేట పేరు విన్నాక "మీవాళ్ళు లేటుగా వస్తారమ్మా" అన్నారు. క్యాలెండర్ కాగితాలు తీసి బల్లమీద పరిచా. అప్పుడు డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని నాతో మాట్లాడింది. మా ఆయనకీ వీర్య పరీక్ష రాయమని నేనే అడిగా. లోపం మగవాళ్ళ వైపూ ఉంటుంది. ఆ సంగతి వీధికి ఎవరూ చెప్పరు.

చెల్లెళ్ళకి ఇంకో మూడు మాటలు. గర్భం రాకముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి, రక్తం ఎంతుందో చూపించుకోండి. 35 లోపు వాళ్ళు ఏడాది ప్రయత్నించాక, దాటినవాళ్ళు ఆరు నెలలకే డాక్టర్ని కలవండి. పిల్లలు వద్దనుకునేవాళ్ళు ఈ లెక్క ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

మేం ప్రయత్నిస్తూ ఇది నాలుగో నెల. ఇంకా నిలవలేదు. ఎర్ర గుర్తు పెట్టిన రోజు ఏడుపొస్తుంది, అబద్ధం ఎందుకు? కానీ వీధి అడిగితే తల దించుకోవడం లేదు. నా లెక్క నా దగ్గరుంది.

వచ్చే వారం గర్భసంచి ఆపరేషన్ల గురించి రాస్తా.

జై భీమ్.