ఎంగిలి వాద్యము

మా అమ్మాయి కూతురు అమెరికాదేశమున ఒక విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు చదువుచు, అచ్చటి బ్యాండులో ట్రాంబోను వాయించుచున్నదని విన్ననాడు మాకు సంతోషము కలుగలేదు. వీణయో వయొలీనో అయినచో పదిమందితో చెప్పుకొనియుందుము. నోటితో ఊదునది ఆడపిల్లకేల యని లోలోన ననుకొని, పైకి మాత్రము ఊపిరితిత్తులకు శ్రమ కాదా యని యడిగితిమి. సంస్కరణమును గూర్చి నలువదియేండ్లు ఉపన్యసించిన వారి యింటిలోను చీపురు తగులని మూలలు కొన్ని యుండును.

2023వ సంవత్సరము అక్టోబరు మాసమున మేమచ్చటికి వెళ్లినపుడు, కచ్చేరికి ముందునాటి అభ్యాసమునకు ఆమె మమ్ము తోడ్కొనిపోయెను. ఇంచుమించు ఏబదిమంది విద్యార్థులు అర్ధచంద్రాకారముగ కూర్చుండిరి. ముందు ఫ్లూటులు, క్లారినెట్లు. వెనుక సాక్సోఫోనులు, హారనులు, ట్రంపెట్లు, ట్రాంబోనులు, ట్యూబాలు. చివర డోళ్లును గంటలును. వయొలీను ఒక్కటియు లేదు. ఓబో యనుదాని రెల్లుపీకను చూడగనే మన సన్నాయి స్ఫురించెను. రెండును జంటరెల్లుతో పలుకు వాద్యములే. ఒకదానిని వారు దీపముల వెలుగున వేదికపై కూర్చుండబెట్టిరి. ఒకదానిని మనము పెండ్లిపందిటి మూలకు నెట్టితిమి.

అభ్యాసము నడుమ మా మనుమరాలు ట్రాంబోను గొట్టము చివరనున్న చిన్న మీటను నొక్కి, ఊది, లోని నీటిని క్రింద పరచిన గుడ్డపైకి వదలెను. మా మొగమెట్లు మారెనో కాని, విరామసమయమున ఆమె వచ్చి, "ఉమ్మి కాదు తాతయ్యా! వెచ్చటి ఊపిరి చల్లటి ఇత్తడికి తగిలితే నీళ్లవుతుంది. చలికాలం కిటికీ అద్దానికి పట్టే చెమ్మ లాంటిదే" అని చెప్పెను. మేము తల యూపితిమి. బుద్ధి యొప్పుకొనెను, ఒడలు ఒప్పుకొనలేదు.

కచ్చేరికి అతిథిగ వచ్చిన స్వరకర్త నడివయసు స్త్రీ. ఆమె వ్రాసిన కొత్త కృతిని ఆ బ్యాండు తొలిసారి వినిపింపనున్నది. స్వరకర్త యనిన మనకు గోడనున్న పటము; ఏటేట ఆరాధన చేయుదుము, ప్రశ్నలడుగము. ఈమె కాగితములు ఒడినిడుకొని, చేత పెన్సిలుతో మూడవ వరుసలో కూర్చుండెను. ఒకచోట హారను వాయించు కుర్రవాడు, ఈ స్వరమును ఇంతసేపు నిలుపుటకు తనకు ఊపిరి చాలదని చెప్పెను. అందరును మిన్నకుండిరి. మేము గద్దింపు కొరకు ఎదురుచూచితిమి. ఆమె, ఎంతవరకు నిలుపగలవని యడిగి, వాయింపించి విని, ఆ స్వరమును నలుగురు హారనువారికిని పంచి, ఒకరు ఊపిరి తీయునపుడు తక్కిన ముగ్గురు నిలుపునట్లు ఏర్పరచెను. మరల వాయించినపుడు స్వరమెచ్చటను తెగలేదు. ఆమె ఆ కుర్రవాని పేరడిగి తన ప్రతిలో వ్రాసికొనెను. మా చిన్ననాట మాకు సంగీతము చెప్పిన గురువుగారిని ఇట్టి మాట యడిగియున్నచో... ఆ ముచ్చట యిప్పుడేల!

అమెరికా విశ్వవిద్యాలయముల బ్యాండులు సైనిక కవాతుల వెంటను, ఫుట్‌బాలు మైదానములలోను పెరిగినవి. కూర్చుండి వినదగిన సంగీతము వీనికి మెల్లమెల్లగ సమకూడెను. 1909లో ఆంగ్లేయుడగు హోల్స్ట్ సైనిక బ్యాండు కొరకు ఒక కృతిమాలికను కూర్చెను. 1937లో గ్రేంజర్ "లింకన్‌షైర్ పోసీ"ని వెలువరించెను. 1952లో రాచెస్టరు నగరమందలి ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయమున ఫ్రెడరిక్ ఫెనెల్ ఒక్కొక్క స్వరభాగమునకు ఒక్కొక్క వాద్యకారునే నిలుపు పద్ధతిపై కొత్త బృందము నేర్పరచెను. గుంపులో దాగుకొనుటకు అందులో వీలు లేదు.

మరునాటి కచ్చేరిలో అతిథి కృతి పిమ్మట కారెల్ హూసా రచించిన "మ్యూజిక్ ఫర్ ప్రాగ్ 1968" వాయించిరి. హూసా ప్రాగు నగరమున పుట్టి, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున బోధించినవాడు. 1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వమున సైన్యములు తన జన్మదేశమున చొరబడిన పిదప, ఇథాకా కళాశాల బ్యాండు కొరకు దీనిని వ్రాసెను. 1969 జనవరి 31వ తేదీన వాషింగ్టనులో ఆ విద్యార్థులే దీనిని తొలుత వినిపించిరి. ప్రాగులో దీనిని స్వయముగ నడపి వినిపించు భాగ్యము ఆయనకు 1990లో గాని కలుగలేదు. ఆరంభమున పికలో ఒంటరిపక్షివలె పలుకును. అది స్వేచ్ఛకు గుర్తు. దాని క్రింద టింపనీలు పదునైదవ శతాబ్దపు హుస్సైటుల యుద్ధగీతమును మంద్రముగ తలపించును. మూడవ భాగమున ఊదుడు వాద్యములన్నియు ఊరకుండును. గంటలు మొదలగు కొట్టు వాద్యములే మ్రోగును.

ఊదువారందరును వాద్యములు ఒడిలో పెట్టుకొని మౌనముగ కూర్చున్న ఆ భాగమున మాకు 1998లో జరిగిన మా యమ్మాయి పెండ్లి జ్ఞప్తికి వచ్చెను. కులభేదము లేని సహపంక్తి భోజనమని శుభలేఖలో అచ్చువేయించినవారము మేము. ఊరేగింపునకు ఎఱ్ఱకోట్ల బ్యాండువారు వచ్చి అర్ధరాత్రివరకు వాయించిరి. వారికి మాత్రము పందిరి వెనుక, జనరేటరు ప్రక్కన ఆకులు వేసిరి. అది మాకు కనబడకపోలేదు. క్లారినెట్టు వాయించు ముసలివాడొకడు దాహమడుగగా మేమే చెంబెత్తి ఆతని దోసిట పైనుండి పోసితిమి. అట్లు పోయుమని ఎవరును చెప్పలేదు; చేయి దానియంతట నదియే పైకి లేచెను. ఊదువాని నోరు గదా! కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానాగారికి 1977లో పద్మశ్రీ వచ్చినపుడు మనవాడని పొంగినదియు మేమే. ఆ ముసలివాడు త్రాగి, మూతి తుడుచుకొని, నమస్కరించి, మరల క్లారినెట్టు నోట పెట్టుకొనెను. ఆతని పేరు మేమడుగలేదు.

ఇంతలో ట్రాంబోనులు లేచినవి. తరువాత ఏమి వాయించిరో మాకు సరిగ జ్ఞాపకము లేదు. చివర ఆ పాతగీతము బృందమంతయు ఏకస్వరముగ ఎత్తుకొనినపుడు మా ప్రక్కవారు లేచి నిలుచుండిరి, మేమును లేచితిమి.

జనము వెళ్లిపోయిన పిదప స్వరకర్త వేదికపై నిలిచి విద్యార్థులతో మాటలాడుచుండెను. మా మనుమరాలు ట్రాంబోనును పెట్టెలో సర్దుచు, నోటికి ఆనించు ఇత్తడిగిన్నెను ఊడదీసి రుమాలుతో తుడువబోయెను. వలదని చెప్పి మేము దానిని అడిగి తీసికొని ఊదితిమి. గాలి పోయెను గాని నాదము రాలేదు. పెదవులు బిగించి అదరింపవలెనట. రెండవమారు దున్నరంకె వంటిదేదో వెలువడగా, ట్యూబా వాయించు పిల్లవాడు అవతలనుండి చప్పట్లు కొట్టెను.