పేరు తెలిసిన చెట్లు, పేరు తెలియని చేపలు

బేరిగై వారికి సముద్రముతో పని తక్కువ. హోసూరునకు తూర్పుగా, రమారమి మూడువేల అడుగుల ఎత్తున నున్న మెట్టనేల మాది. ఉత్తరమునకు కొంత దూరము నడచిన కర్ణాటకము, తూర్పునకు పోయిన కుప్పము మీదుగా ఆంధ్రదేశము, మేముండునది తమిళనాడు. రాగులు, అనపకాయలు, టమాటాలు, ఇటీవలి కాలమున గులాబీలు మా పంటలు. నీరన్న మాకు చెరువు, బావి, గొట్టపు బావి. సముద్రమును పురాణములలో వినుటయే కాని కన్నులార చూచినవారు మా చిన్ననాట ఊరిలో పట్టుమని పదిమంది లేరు.

2010వ సంవత్సరము మే నెలలో మా కడపటి కుమారుడు నాల్గవ తరగతి పరీక్షలు ముగించి యింటనుండెను. ఒకనాటి సాయంకాలము చెరువుగట్టు మీద మా వెంట నడచుచు, "నాయనా, సముద్రం మన చెరువుకన్నా పెద్దదా?" అని అడిగెను. నవ్వు వచ్చినది, వెనువెంటనే సిగ్గును కలిగినది. తొమ్మిదేండ్ల పిల్లవాడు అట్లడుగుట వాని తప్పు కాదు. ఆ వారముననే సెలవు పెట్టి, మా గృహిణి కట్టియిచ్చిన చిత్రాన్నపు మూటతో ముగ్గురము బస్సెక్కితిమి. హోసూరు, కృష్ణగిరి, తిరువణ్ణామలై, తిండివనము దాటి రాత్రికి పుదుచ్చేరి చేరితిమి.

తెల్లవారి సముద్రతీరమున గాంధీ విగ్రహము వద్ద నిలిచి పిల్లవాడు చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఆవలి గట్టు ఏది నాయనా?" అనెను. గట్టు లేదని చెప్పితిమి. వాడు నమ్మినట్లు తోచలేదు. ఎండ ముదురగా, నీడ గల చోటు ఎచ్చట నున్నదని విచారించి, అరగంట నడక దూరమున, పాతపట్టణపు అంచున నున్న వృక్షశాస్త్ర ఉద్యానమునకు పోయితిమి. అందులోనే చేపల ప్రదర్శనశాల, వాడుకలో అక్వేరియం, కలదని దారిలో ఒకరు చెప్పుటచే పిల్లవాడు మాకంటె ముందు నడచెను.

ఆ తోటను ఫ్రెంచివారు 1826లో నెలకొల్పిరి. దానికి పేరు తెచ్చినవాడు స్విట్జర్లాండు దేశమున జన్మించిన పెరోతె అను వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన ఆఫ్రికాలోని సెనెగల్ ప్రాంతమున మొక్కలు సేకరించి, 1834లో పుదుచ్చేరికి వచ్చి ఈ తోట పని చూచెను. నడుమ కొన్నియేండ్లు స్వదేశమునకు పోయినను 1843లో మరలి వచ్చి, 1870లో ఇచ్చటనే కన్నుమూసెను. దేశదేశముల విత్తనములు తెచ్చి, ఏది ఈ నేలలో బ్రతుకునో చూచుట ఆనాటి యిట్టి తోటల ముఖ్యకార్యము. పుట్టిన దేశమొకటి, పెరిగిన దేశమొకటి అయిన చెట్లకు అది ఆటపట్టు.

పలుచెట్లకు చిన్న పలకలు కట్టియుండిరి. శాస్త్రనామము ఇంగ్లీషు లిపిలోను, వాడుక పేరు తమిళమునను ఉండెను. పిల్లవాడు ఒక నోటుపుస్తకము తెచ్చుకొని తమిళపు పేర్లు వ్రాసికొనుచుండగా, మేము ప్రతి చెట్టునకును మన పేరు చెప్పుచు వచ్చితిమి. ఇది చింతమాను, ఇది కానుగమాను, ఇది పొన్న. వానికి అది ఆటగా తోచి, తమిళపు పేరు ప్రక్కన తెలుగు పేరును వ్రాయసాగెను. నాగలింగపు చెట్టు క్రింద రాలిన పూవును తీసి మా గృహిణి కన్నుల కద్దుకొనెను. ఆ చెట్టు దక్షిణ అమెరికా ఖండపు ఉత్తరభాగము నుండి వచ్చినదట. పూవులో శివలింగమును, దానిపై పడగను చూచి మనవారు దానికి పేరు పెట్టుకొనిరి. పేరు పెట్టిన నాటినుండి అది మన చెట్టే. చింత సైతము ఆఫ్రికా నుండి ఏనాడో వచ్చినదే. అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమనిరి. ఆ మాటయే నేటి దాని శాస్త్రనామములో నున్నది. కానుగకు శాస్త్రజ్ఞులు పెట్టిన పొంగామియా అను పేరు మలయాళ తమిళములలోని దాని వాడుక పేరు నుండి పుట్టినది. ఎచ్చటివాడో వచ్చి, చెట్టు క్రింద కూర్చున్న పల్లెవానిని "దీనినేమందురు?" అని అడిగినందున గదా ఆ పేరు లోకమంతట నిలిచినది!

ఈ మాట తోచినంతనే మా మనస్సు ఒకింత కలత చెందెను. పదవ తరగతితో చదువు ముగించి గుమాస్తా కొలువున చేరిన మేము, ఆనాటికి ముప్పది యేండ్లుగా భూముల లెక్కలు వ్రాయుచుంటిమి. రైతులు కచేరీకి వచ్చి, "చింతమాని చేను నాది సామీ", "కానుగమాని మడికి హద్దు చూపించండి" అని తెలుగున చెప్పెడివారు. మేము దానిని విని, సర్వే నంబరు అడిగి, ఆ నంబరును తమిళమున వ్రాసెడివారము. చేని పేరు వ్రాయుటకు రిజిస్టరులో గడి లేదు. గడి లేనిదానిని వ్రాయుట గుమాస్తాకు అలవాటు లేదు. ఎన్ని వందల పేర్లు మా చెవిని పడి, మా కలము దాటి పోయినవో లెక్క లేదు. అడుగకుండగనే చెప్పిన పేర్లను మేము వదలితిమి.

అటుపిమ్మట చేపల ప్రదర్శనశాలలో ప్రవేశించితిమి. లోపల చల్లగాను చీకటిగాను ఉండెను. అద్దపు తొట్లలో రంగురంగుల చేపలు మెల్లగా తిరుగుచుండెను. పిల్లవాడు పుస్తకము తెరచి, కలము పట్టి, "దీన్నేమంటారు నాయనా?" అనెను. మాకు తెలియదు. రెండవ తొట్టి వద్ద అడిగెను, తెలియదు. మూడవదాని వద్ద వాడు అడుగుట మానెను. తోటలో పండితులమైన మేము అద్దము ముందు మూగవారమైతిమి. మా చెరువులలోని కొరమేను దప్ప మాకు తెలిసిన చేప లేదు.

అప్పుడు వెనుకనుండి ఒక గొంతు, "ఏమండీ, మీది ఏ ఊరండి? తెలుగు కొత్తగా ఉంది" అనెను. నడివయసు మనిషి, భార్యతో నిలిచియుండెను. మాది హోసూరు వైపని చెప్పి, మీదెచ్చట అని అడిగితిమి. "ఆయ్, మాది యానామండి. ఆఫీసు పనిమీద వచ్చాం" అనెను. యానాము గౌతమీ గోదావరి ఒడ్డున నున్న తెలుగు ఊరు. ఫ్రెంచివారి యేలుబడి నుండి 1954లో విడివడి, పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిసి ఒకే పాలనలో నున్నది. మేము తమిళనాట తెలుగువారము. వారు నాలుగుదిక్కుల ఆంధ్రదేశమే యున్నను వేరొక పాలనలోని తెలుగువారు. ఇరువురము సముద్రపుటొడ్డున, ఒక చేపలతొట్టి ముందు కలిసికొంటిమి.

మా పిల్లవాడు వెంటనే, "మామా, ఈ చేప పేరేమి?" అని అడిగెను. ఆయన నవ్వి, "ఇవి అలంకారానికి పెంచేవి బాబూ. వీటికి మా దగ్గరా పేర్లు లేవు. వల్లో పడేవాటి పేర్లయితే చెబుతాను, రాసుకో" అని, తొట్టి గట్టు మీద వ్రేళ్ళతో లెక్కించుచు చెప్పెను. చందువా, పండుగప్ప, వంజరము, మాగ, కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు. ఆయన మరచినవానిని భార్య అందించెను. చివర పులస యొద్దకు వచ్చి ఆయన గొంతు మారెను. "సముద్రంలో ఉన్నంతకాలం అది విలస బాబూ. వరదనీటికి గోదారి ఎక్కిందా, అప్పుడు పులస. చేప ఒకటే" అనెను. మేము మారుగా మా వైపు చెట్ల పేర్లు చెప్పితిమి. 'మాను' అను మాట వినగనే ఆయన భార్య, "మా తాతగారు అలాగే అనేవారండి, మేం చెట్టనే అంటాం" అనెను. మా యూరి మాటలో ఆమెకు తన తాతగారి గొంతు వినవచ్చెను కాబోలు, మరల ఒకసారి చెప్పించుకొనెను.

రాత్రి బసలో పిల్లవాని పుస్తకము తీసి చూచితిమి. ప్రక్కప్రక్కన రెండు వరుసలు. ఎడమవైపు తమిళపు పేర్లు. కుడివైపు తెలుగు పేర్లు. కాని రెండును తమిళ లిపిలోనే ఉండెను. వానికి తెలుగు అక్షరములు రావు. తమిళమున 'క'కును 'గ'కును ఒకటే అక్షరము. కావున ఆ పుటలో నున్నది కానుగయో, కానుకయో వ్రాత చెప్పదు. చందువా అనియు చదువవచ్చును, సందువా అనియు చదువవచ్చును. వంజరమునకు మాత్రము ఏ చిక్కును లేదు. అది ఇంచుమించు ఇరుభాషలకును పొత్తు. తమిళలిపి తమిళమునకు చక్కగా సరిపోవును. లోపము దానిది కాదు. మేము వానికి ఇయ్యవలసినదానిని ఇయ్యలేదు.

వాడు ఒకటవ తరగతిలో చేరినది 2006లో. రాష్ట్రమున పాఠశాలలలో తమిళమును తప్పనిసరిగా నేర్పవలెనను చట్టము వచ్చినది ఆ సంవత్సరముననే. ఒకటవ తరగతి నుండి ఏటికొక తరగతి చొప్పున అమలు పెట్టిరి. మన సంఘములలో దానిని గూర్చి చాల చర్చ జరిగినది, జరుగవలసినదే. కాని మా మట్టుకు మేము నిజము చెప్పవలెను. కొలువునకు అక్కరకు వచ్చునని వానిని తమిళ మాధ్యమమున చేర్చినది మేమే. సాయంకాలము దీపము పెట్టిన తరువాత మా యింటి అరుగు మీద అ, ఆలు దిద్దించవలదని ఏ చట్టమును చెప్పలేదు. ఊరు చేరిన మరునాడు పలక కొని తెచ్చితిమి. సెలవులు ముగియునప్పటికి వాడు గుణింతములు వ్రాసెను. అదే పుస్తకపు చివరి పుటలో కానుగ, చింత, పులస అని వంకరటింకరగా వ్రాసి చూపెను.

తరువాతి కాలమున చదివి తెలిసికొన్న సంగతి యొకటి కలదు. రాక్స్‌బరో అను వైద్యుడు 1781 నుండి సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన గ్రంథమున, చిత్తరువులతో పాటు తెలుగు పేర్లను గూడ పొందుపరచెను. పాట్రిక్ రస్సెల్ అను వేరొకరు విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపలను వర్ణించిన గ్రంథము 1803లో అచ్చయినది. అందును బెస్తవారి నోటి పేర్లే ఇంగ్లీషు అక్షరములలో నున్నవి. రెండువందల యేండ్లక్రితము పరదేశీయులు ఓపికతో అడిగి వ్రాసికొన్నారు. మేము అడుగనక్కరలేకయే వినియు వ్రాయలేదు.

2011 డిసెంబరు 30న థానే తుపాను కడలూరు, పుదుచ్చేరి నడుమ తీరము దాటి, ఆ తోటలో అనేక వృక్షములను కూల్చెను. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపముననే తీరము దాటి, ఆ పట్టణమున ఒక్కనాటిలో 46 సెంటీమీటర్లకు మించి కురిసినది. ఆపై లోనాటికి వచ్చి మన కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరలో 50 సెంటీమీటర్లు కురిసెను. సముద్రముతో మాకు పని తక్కువని మొదట వ్రాసితిమి. దానికి మాతో పని యున్నదని ఆ దినమున తెలిసినది. మాను కూలిన మరల నాటవచ్చును. దాని పేరు చెప్పువారు లేకపోయిన నాటుటకు వీలు లేదు.

విశ్రాంతి పొందినప్పటినుండి మేము ఒక క్రొత్త రిజిస్టరు పెట్టితిమి. సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు, వాని చివర నొక గడి: చేని పేరు. బేరిగై చుట్టుపట్ల చేలగట్లమీద తిరిగి ఇంతవరకు 61 పేర్లు వ్రాసితిమి. ఆదివారములలో మా కుమారుడు హోసూరు నుండి వచ్చినప్పుడు వాడే తెలుగున వ్రాయును, మేము చెప్పుదుము. వీనిలో 17 చేలకు పేరున్నది కాని, పేరిచ్చిన మాను లేదు. అది ఎచ్చట నుండెనో చూపగలవారు కొందరు ఇప్పటికిని ఉన్నారు. వారి వయస్సు ఎనుబదికి మించినది. ఈ సంచిక చదువు పెద్దలు తమ తమ ఊళ్ళలో ఇట్టి గడి యొకటి గీచి, వారి యొద్దకు ఈ వారముననే పోవలెనని మా మనవి.