బ్యాటు తిప్పేది చేతులు కాదండీ, నడుము!

నవ్వకండి! ఇంటర్‌తో చదువాపేసి, ఇరవై ఏళ్ళుగా వంటింట్లో ఉన్న ఈవిడ బేస్‌బాల్ గురించి చెప్పడమేమిటని అనుకుంటున్నారు కదూ! ఏం చేయను, న్యూజెర్సీలో కాపురం. మా చిన్నవాడికి తొమ్మిదేళ్ళు. వసంతం వచ్చిందంటే లిటిల్ లీగ్ మైదానం దగ్గర మడతకుర్చీ వేసుకుని కూర్చోవాల్సిందే. 1939లో పెన్సిల్వేనియాలో మగపిల్లల కోసం మొదలైన ఆట ఇది. 1974 నుంచి ఆడపిల్లల్నీ చేర్చుకుంటున్నారు.

మనవాళ్ళ పిల్లలకి మొదటి చిక్కు తండ్రులతోనే. క్రికెట్ ఆడి పెరిగినవాళ్ళు కదా, కంచె ఇవతల నుంచి "మోచెయ్యి లేపరా, బ్యాటు నిటారుగా పెట్టరా" అని ఒకటే కేకలు. ఇక్కడ బంతి నేలని తాకదు, 46 అడుగుల నుంచి తిన్నగా గాల్లోనే వస్తుంది. బ్యాటు అడ్డంగా తిప్పాలి. మావారికి ఫ్లాస్కులో టీ పోసిచ్చి, నోరు మూయించాను.

కోచ్ చెప్పేది వింటుంటే నాకు మన కళ్ళాపి గుర్తొచ్చింది. బకెట్టు నీళ్ళు వాకిట్లోకి దూరంగా విసరాలంటే ఉత్త చేతులతో విసురుతామా? ముందరి కాలు వేస్తాం, నడుము తిరుగుతుంది, దాని వెనకాల చేతులు వస్తాయి, నీళ్ళు ఆఖర్న వెళ్తాయి. బ్యాటూ అంతే. అడుగు మాత్రం ముగ్గు చెరగకుండా వేసినట్టు చిన్నగా, మెత్తగా పడాలి. తల కదలకూడదు. బ్యాటుని అరచేతిలో కుక్కుకోకుండా వేళ్ళతో పట్టుకోవాలి. వెనక కాలితో పురుగుని నలిపినట్టు తిప్పమని పూర్వం చెప్పేవారట. అలా చేస్తే బరువంతా వెనకే ఉండిపోతుందని ఇప్పుడు చాలామంది కోచ్‌లు వద్దంటున్నారు.

ఇంకోమాట. ఎదిగే పిల్లాడని చొక్కా వదులుగా కొన్నట్టు బ్యాటు పెద్దది కొనకండి. ఒంటి చేత్తో చాచి పట్టుకుంటే కాసేపైనా వాలిపోకుండా ఉండాలి. బరువెక్కువైతే నడుము తిరిగే లోపే చేతులు తొందరపడతాయి.

ఇవన్నీ మావాడు బాగానే నేర్చుకున్నాడు, స్టాండు మీద పెట్టిన బంతిని ఠపీమని కొట్టేవాడు. పోయినేడు ఒక బంతి వచ్చి ముంజేతికి తగిలింది. బాగా వాచింది. ఆ తర్వాత బంతి వస్తే చాలు, ముందరి కాలు పక్కకి పారిపోయేది. కాలు అటు పోయాక నడుమెక్కడ తిరుగుతుంది? "అమ్మా, నేను మానేస్తా" అన్నాడొకరోజు అన్నం కలుపుకుంటూ.

కోచ్ ఆ మూడు వారాలూ బ్యాటు సంగతే ఎత్తలేదు. దగ్గర నిలబడి టెన్నిసు బంతులు మెల్లగా విసిరేవాడు. మీదకొస్తే గెడ్డం దించి, బంతికి వీపు పెట్టి తిరగడం నేర్పాడు. తగిలినా నొప్పిలేదని పిల్లాడికి తెలిసొచ్చింది. చివరికి నవ్వుతూ ఆడుతున్నాడు. నాకైతే నేర్పడమంటే అదే అనిపించింది.

తర్వాతి మ్యాచ్‌లో నేను బంతిని చూడలేదు, వాడి కాలినే చూశాను. తిన్నగా, చిన్నగా ముందుకి పడింది. బ్యాటుకి బంతి తగిలింది, నేరుగా అవతలి పిల్లాడి చేతుల్లోకి పోయింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే మావారు వింతగా చూసి, "అవుటయ్యాడు కదే!" అన్నారు.