సంతకానికి ముందు కారు చుట్టూ ఒకసారి తిరగండి

2008లో పోర్టు మొదలైనప్పటి నుంచి కృష్ణపట్నానికి కొత్త మనుషులు వస్తూనే ఉన్నారు. పోర్టు ఉద్యోగులు, నేలటూరు థర్మల్ కేంద్రం ఇంజినీర్లు, చుట్టుపక్కల నూనె ఫ్యాక్టరీల వాళ్ళు. బదిలీ మీద వస్తారు, ఇల్లు కుదురుకునేసరికి మళ్ళీ ఇంకెక్కడికో బదిలీ. మనుషులు నెల్లూరులోనో గూడూరులోనో రైలు దిగుతారు, సామాను లారీలో వస్తుంది. కారు మాత్రం ట్రైలర్ ఎక్కి, పుణె నుంచో నోయిడా నుంచో రోజుల తరబడి ప్రయాణం చేసి వస్తుంది. ఈసారి ఆ కారు గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఎందుకంటే, అప్పు చేసి కొనుక్కున్న బండి అది. పిల్లల్ని బడికి దింపేదీ, అర్ధరాత్రి అమ్మను నెల్లూరు ఆసుపత్రికి చేర్చేదీ అదే. అది సొట్టతో దిగితే మనసు చివుక్కుమంటుంది. ఆ బాధలో చాలామంది డ్రైవర్ మీద అరుస్తారు, కాగితం మీద సంతకం పెట్టేస్తారు, ఆ తర్వాత కంపెనీకి ఫోన్ చేస్తారు. అవతలివాళ్ళు ఒకే మాట అంటారు: ‘బండి బాగానే ముట్టిందని మీరే సంతకం పెట్టారు కదండీ!’ ఇక్కడే ఆట ముగిసిపోతుంది. అరుపుకు సాక్ష్యం ఉండదు, సంతకానికి ఉంటుంది.

అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో చూద్దాం. ట్రైలర్ ఎక్కేటప్పుడు ర్యాంపు అంచు బంపర్ అడుగును గీకుతుంది. పై అంతస్తులో ఉన్న బండి టాపుకు చెట్ల కొమ్మలు రాసుకుంటాయి. కింది అంతస్తులో ఉన్నదాని మీద పై బండి ఆయిల్ కారుతుంది. చుట్టూ మూతలేని ట్రైలర్ అయితే ముందు వెళ్ళే లారీ చక్రం కింది రాయి ఎగిరి అద్దానికి తగలొచ్చు. కట్లు సరిగా వేయకపోతే దారంతా బండి ఊగుతుంది. ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. అంత పొడుగు ట్రైలర్ మన ముత్తుకూరు వీధుల్లోకి రాలేదు. నెల్లూరు బైపాస్‌లోనో వెంకటాచలం దగ్గరో ఆపి కారు దించుతారు. అక్కణ్ణించి ఎవరో ఒక కుర్రాడు దాన్ని నడుపుకుంటూ మీ ఇంటికి తెస్తాడు. బొగ్గు లారీల మధ్య సాగే ఆ ఆఖరి పాతిక కిలోమీటర్లలోనూ దెబ్బ తగలొచ్చు. అందుకే బండి అప్పగించే రోజున మీటర్ రీడింగ్ ఫొటో తీసుకోవాలి, దిగిన రోజున మళ్ళీ తీసుకోవాలి.

బండి అప్పగించే ముందు కడిగించండి. దుమ్ము కింద పాత గీత ఏదో కొత్త గీత ఏదో ఎవరూ చెప్పలేరు. పగటి వెలుతురులో నాలుగు వైపులా, టాపు, చక్రాలు, అద్దాలు, డిక్కీలో స్టెప్నీ, జాకీ, అన్నీ ఫొటోలు తీసి కంపెనీకి ఆ రోజే మెయిల్ చేయండి. మన దగ్గర దిగేటప్పుడు కూడా అంతే. ఇక్కడి గాలిలో బొగ్గు దుమ్ము ఎలా ఉంటుందో మీకు తెలుసు. రాత్రి పదింటికి తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టకండి. ‘పొద్దున్నే చూసుకుని పెడతాను’ అనండి. కుదరదంటే టార్చి వేసుకుని, తడిగుడ్డతో తుడిచి, చుట్టూ తిరిగి చూడండి. డెలివరీ కాగితం మీదే మీ చేత్తో రాయండి: కుడివైపు వెనక తలుపు మీద సొట్ట, ముందు బంపర్ కింద గీత, మీటర్ ఇంత, టైము ఇంత. కింద ఇంకో వాక్యం కలపండి: ‘లోపలి దెబ్బలు మెకానిక్ చూశాక తెలియజేస్తాను.’ ఆ తర్వాతే సంతకం. ఆ కాగితాన్ని ఫొటో తీశాకే బండి తాళం అందుకోండి.

ఆ లోపలి దెబ్బల వాక్యం చిన్నదేం కాదు. 2006 జులైలో కూగర్ ఏస్ అనే కార్ల ఓడ అలాస్కా దగ్గర సముద్రంలో పక్కకు ఒరిగిపోయింది. అందులో 4,703 మాజ్దా కార్లున్నాయి. వాటిలో చాలావాటికి పైకి పెద్ద దెబ్బేమీ కనపడలేదు. అయినా వారాల తరబడి ఏటవాలుగా వేలాడిన బండికి లోపల ఏమైందో ఎవరు చెప్పగలరని మాజ్దా కంపెనీ వాటిని అమ్మకుండా అన్నిటినీ తుక్కు చేయించింది. మన బండి కూడా దిగిన రెండు మూడు రోజుల్లోపే షెడ్డులో లిఫ్టు ఎక్కాలి. అడుగు భాగం, సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ చూపించండి.

ఇక డబ్బు సంగతి. బిల్టీ (రవాణా రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’ అని అచ్చు వేసి ఉంటే భయపడకండి. నాథ్ బ్రదర్స్ ఎగ్జిమ్ కేసులో 2000లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఆ మాట రాసి ఉన్నంత మాత్రాన రవాణాదారు తన నిర్లక్ష్యానికి బాధ్యత తప్పించుకోలేడు. 1865 నాటి పాత చట్టం స్థానంలో 2007లో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం, నిర్లక్ష్యం జరిగిందని నిరూపించే భారం సరుకు యజమానిది కాదు. అయితే ఆ చట్టంలో రెండు మెలికలున్నాయి. నష్టం గురించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అదీ బండి బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు. బండి ముట్టిన తేదీ నుంచి కాదు, గమనించండి. రెండోది, సరుకు విలువ ముందే చెప్పి హెచ్చు రేటు కట్టకపోతే పరిహారం కిరాయికి పది రెట్లు దాటదు. కిరాయి 15,000 అయితే 1,50,000 వరకే. పది లక్షల బండి పూర్తిగా పోతే అదెంత?

అందుకే ఇన్సూరెన్స్ అన్న మాట విన్నప్పుడు ఆగి అడగండి. బిల్లులో ‘ఎఫ్‌ఓవీ’ (ఫ్రైట్ ఆన్ వాల్యూ) అని ఒక ఖర్చు వేసి, ‘ఇన్సూరెన్స్ ఉంది సార్’ అంటారు. ఎఫ్‌ఓవీ కట్టినంత మాత్రాన మీ చేతికి పాలసీ వచ్చినట్టు కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబర్, మీ బండి నంబర్ ఉన్న కాగితం చూపమనండి. ఇంకో మంచి మాట: మీ కారుకు ఉన్న కాంప్రహెన్సివ్ పాలసీయే రోడ్డు, రైలు, లోపలి జలమార్గం ద్వారా బండిని తరలించేటప్పుడు తగిలే దెబ్బలకు కూడా వర్తిస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది చేతి డబ్బుతో టింకరింగ్, పెయింటింగ్ చేయించుకుంటున్నారు. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదాకా రిపేరు మొదలుపెట్టకండి. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది కనుక చిన్న గీతకైతే లెక్క చూసుకోండి. సముద్రం మీద, చెన్నై నుంచి అండమాన్‌కు పంపుతున్నట్టయితే మాత్రం మెరైన్ పాలసీ వేరే తీసుకోవాలి.

రవాణా కంపెనీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, దానికి రెండేళ్ళ గడువు ఉంది. బండి పుణెలో ఎక్కించారని పుణె పరుగెత్తక్కర్లేదు.

చివరగా డ్రైవర్ గురించి. బండి కట్లు వేసింది అతనే కాకపోవచ్చు, రూటు నిర్ణయించింది అతను అసలే కాదు. బండి తెచ్చి మీ గుమ్మం ముందు నిలబడ్డ మనిషి మీద విరుచుకుపడితే మీ సొట్ట తీరదు, అతని జీతంలో కోత మాత్రం పడొచ్చు. అతనికి మంచినీళ్ళివ్వండి. అతని ఎదురుగానే దెబ్బలు రాసి, అతని చేత కూడా సంతకం పెట్టించండి. బాధ్యత తీసుకున్నది కంపెనీ, లెక్క తేల్చుకోవాల్సింది కంపెనీతోనే.

బదిలీ ఆర్డరు చేతికొచ్చిన ఏ స్నేహితుడైనా మీకుంటే ఈ రెండు సంగతులు ఇవాళే చెప్పండి: చూసి, రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి; బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు నోటీసు చేరాలి.