రెండోసారి కూడా అతనే

ఆఫీసు పనిమీద అమెరికాలో ఉన్న రెండేళ్లలో నాకు అంటుకున్న వ్యసనం బేస్‌బాల్. హైదరాబాద్ వచ్చేశాక కూడా పాత ఆటల వీడియోలు చూడడం మానలేదు. క్రికెట్ తెలిసినవాళ్లకి హోమ్ రన్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మన సిక్సర్ లాంటిదే. కాకపోతే బేస్‌ల మీద ఎంతమంది ఉంటే అన్ని పరుగులు కలుస్తాయి. మూడు బేస్‌లూ నిండి ఉన్నప్పుడు కొడితే నాలుగు. దాన్నే గ్రాండ్ స్లామ్ అంటారు.

1999 ఏప్రిల్ 23న లాస్ ఏంజెలెస్‌లో, సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాడు ఫెర్నాండో టాటిస్ ఒకే ఇన్నింగ్స్‌లో రెండు గ్రాండ్ స్లామ్‌లు కొట్టాడు. అక్కడ ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది. ఆ లోపే తొమ్మిదిమంది వరస ఒక చుట్టు తిరిగి మళ్లీ అతని దగ్గరికే రావాలి. అప్పుడు కూడా మూడు బేస్‌లూ నిండి ఉండాలి. ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టినవాళ్లు ఇరవైమంది దాకా ఉన్నారు గానీ, మేజర్ లీగ్ చరిత్రలో ఈ పని చేసింది టాటిస్ ఒక్కడే.

మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు ఇంజినీరింగ్ బుద్ధి ఊరుకోక, సంభావ్యతలు ఒకదానితో ఒకటి గుణించడం మొదలుపెట్టాను. ఎక్కడో దశాంశ బిందువు తర్వాత సున్నాలు లెక్కపెడుతూ ఆగిపోయాను. నా లెక్కే తప్పు. అవి వేర్వేరు ఘటనలైతే కదా గుణించడానికి! రెండు సార్లూ బంతి వేసింది ఒకడే, డాడ్జర్స్ పిచర్ చాన్ హో పార్క్. రెండో దెబ్బలో మొదటి దెబ్బ కూడా ఉంది.

వీడియోని మళ్లీ అతనికోసం చూశాను. మొదటి గ్రాండ్ స్లామ్ తర్వాత ఇంకో హోమ్ రన్ పడింది. వరసగా ఇద్దరికి ఊరికే బేస్‌లు ఇచ్చేశాడు. బేస్‌లు మళ్లీ నిండాయి. అంతకుముందు ఏడాది 70 హోమ్ రన్లు కొట్టిన మార్క్ మెక్‌గ్వైర్ వచ్చి, గాల్లోకి లేపి అవుటయ్యాడు. ఇంకొక్కడు చాలు. ఆ ఒక్కడు టాటిస్. ఆ దెబ్బ కూడా పడ్డాకే పార్క్‌ని మార్చారు. ఆ ఇన్నింగ్స్‌లో వచ్చినవి 11 పరుగులు.

మూడేళ్ల కిందట మా టీమ్‌లో ఒక రిలీజ్ రాత్రి ఇలాగే అయింది. చేస్తున్నది కాలేజీ అయి ఏడాది కూడా కాని కుర్రాడు. ఒకసారి పడిపోయింది. సరిచేసి పెట్టాడు, మళ్లీ అక్కడే పడిపోయింది. "అన్నా, ఇంకొక్కసారి చూస్తాను" అన్నాడు.

"వద్దులేరా, నువ్వెళ్లి పడుకో, నేను చూసుకుంటా" అన్నాను.

ప్రేమగానే అన్నాననుకున్నాను. తెల్లారేసరికి సర్దేశాను కూడా. మెచ్చుకున్నారు. కానీ ఆ తర్వాత అతను రిలీజ్ పని అడగలేదు, నేనూ ఇవ్వలేదు. మంచి కోడ్ రాస్తాడు. రాసి, పక్కవాళ్లకి ఇచ్చేస్తాడు.

పార్క్‌ని ఆ రాత్రి అంతసేపు ఉంచడం నమ్మకమా, అజాగ్రత్తా అని చాలాసార్లు ఆలోచించాను. ఇప్పుడు అది అసలు ప్రశ్న కాదనిపిస్తోంది. ఆ రాత్రి తీసేసినా ఫర్లేదు. తర్వాత బంతి మళ్లీ అతని చేతికి ఇచ్చారా లేదా? ఇచ్చారు. అదే సీజన్‌లో 13 ఆటలు గెలిచాడు, మరుసటి ఏడాది 18. రిటైరయ్యేసరికి 124 విజయాలు. ఆసియాలో పుట్టిన పిచర్లలో మేజర్ లీగ్‌లో అంతకంటే ఎక్కువ గెలిచినవాడు లేడు. యువరాజ్ ఆరు సిక్సర్లు కొట్టిన స్టువర్ట్ బ్రాడ్ 604 టెస్టు వికెట్లు తీసినట్టే. మనకి మాత్రం ఆ ఆరు బంతులే గుర్తు.

నేను కీబోర్డ్ తీసుకున్నది ఒక్క రాత్రికే అనుకున్నాను. మూడేళ్లు తీసేసుకున్నాను.

వచ్చే శుక్రవారం రిలీజ్ ఉంది. షీట్‌లో నా పేరు తీసేసి అతని పేరు రాశాను. ఇంకా అతనికి చెప్పలేదు. ఎలా చెప్పాలా అని చూస్తున్నాను.