వార్డులో పుట్టిన ప్రశ్న

వేలూరు సీఎంసీలో ఎటు తిరిగినా తమిళంతో పాటు తెలుగు, బెంగాలీ చెవిన పడుతూనే ఉంటాయి. చిత్తూరు, తిరుపతి, కడప వైపు నుంచి రోగిని వెంటబెట్టుకుని కాట్పాడి స్టేషన్లో దిగే కుటుంబాలకు ఈ దారి కొత్తది కాదు. నేను వెళ్లిన పని వేరు. ఎంఎస్సీ నర్సింగ్ చేసి, కొన్నేళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్న ఒక తెలుగు నర్సు ఏం చేస్తున్నారో దగ్గరుండి చూద్దామని. పేరు రాయొద్దన్నారావిడ. "ముందు థీసిస్ బయటికి రానివ్వండి, పేరు తర్వాత" అని నవ్వారు.

ఈ చదువు చూడటానికి వేలూరునే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1900లో ఐడా స్కడ్డర్ ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది ఇక్కడే. 1909కల్లా నర్సుల శిక్షణ ప్రారంభమైంది. 1946లో నర్సింగులో డిగ్రీ చదువు వచ్చింది. అదే ఏడు ఢిల్లీలోనూ డిగ్రీ కాలేజీ తెరిచారు. తర్వాత రాజకుమారి అమృత్ కౌర్ పేరు పెట్టుకున్న ఆ కాలేజీయే 1959లో ఎంఎస్సీ, 1992లో పీహెచ్‌డీ ప్రారంభించింది. రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు 33 ఏళ్లు పట్టిందన్నమాట. 2006లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కలిసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో, నర్సింగ్ పీహెచ్‌డీకి జాతీయ కన్సార్టియం ఏర్పాటు చేశాయి. ఆ తర్వాత ఈ దారి కొంత వెడల్పయింది.

ఆవిడ నన్ను ముందు పుస్తకాల గదికి కాదు, పక్షవాతం రోగులున్న వార్డుకు తీసుకెళ్లారు. ఒక మంచం దగ్గర చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఇల్లాలు. భర్తకు కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. రెండు గంటలకోసారి పక్కకు ఎలా తిప్పాలో, ముక్కు గొట్టంలో ద్రవం పోసే ముందు తల వైపు ఎంత ఎత్తాలో నర్సు చేసి చూపించి, మళ్లీ ఆ ఇల్లాలి చేత చేయించారు.

"రాత్రిపూట గూడా లేసి తిప్పల్లా సిస్టరమ్మా?" అని అడిగిందా ఇల్లాలు.

"తిప్పాలమ్మా. లేకుంటే నడుం కింద పుండ్లు పడతాయి."

"అయితే నేనెప్పుడు పడుకునేది?"

నర్సు నా వైపు తిరిగి, "నా పీహెచ్‌డీ అంతా ఆ మాటేనండీ" అన్నారు.

గదికి వచ్చాక వివరం చెప్పారు. మన దేశంలో 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాతం రోగులతో 'అటెండ్' అనే పెద్ద పరిశోధన జరిగింది. ఇంటివాళ్లకు వ్యాయామాలు, సేవ నేర్పి పంపిస్తే రోగి త్వరగా కోలుకుంటాడా అన్నది అందులో ప్రశ్న. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఆర్నెల్ల తర్వాత చూస్తే, ఇంటివాళ్లకు నేర్పిన రోగులకూ నేర్పని రోగులకూ మరణాల్లో గానీ, ఒకరి మీద ఆధారపడటంలో గానీ తేడా లేదు. "అది చదివాక నా సినాప్సిస్ సగం కొట్టేశాను. కానీ చూసుకునే మనిషి ఏమవుతోందన్నది దానితో తేలిపోలేదు కదా. నేను రోగిని వదిలేసి ఆమెను కొలుస్తున్నాను."

చూసుకునే మనిషి మీద పడే భారాన్ని కొలవడానికి జారిట్ ప్రశ్నావళి ఉంది. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 88. ఎంత ఎక్కువ వస్తే అంత భారం. దాన్ని వాడుకోవాలంటే హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. రోగుల వాళ్ల భాషలోకి చేసిన అనువాదాన్ని మరొకరి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి మూలంతో పోల్చాలి, నిపుణులకు చూపాలి, కొద్దిమందితో ముందుగా పరీక్షించాలి. ఎథిక్స్ కమిటీ సరేననాలి. మొదటి మనిషిని చేర్చుకోకముందే దేశీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఇవన్నీ అయ్యేదాకా వార్డులో ఒక్క కాగితమూ నింపకూడదు.

అన్నిటికన్నా తల బద్దలు కొట్టుకున్నది ఎక్కడని అడిగాను. పక్క మంచం దగ్గరే అన్నారు. పద్ధతి ప్రకారం లాటరీ వేసి, మూసిన కవర్లు తెరిచి, చూసుకునేవాళ్లలో కొందరికి ప్రత్యేక శిక్షణ, కొందరికి మామూలు సలహాలు ఇవ్వాలి. కానీ మన వార్డుల్లో రోగుల తాలూకు వాళ్లు సాయంత్రానికల్లా అక్కా, వదినా అని పిలుచుకుంటారు. శిక్షణ పొందినావిడ రాత్రికి పక్క మంచం ఆవిడకు మొత్తం నేర్పేస్తుంది. ఇక రెండు వర్గాలకూ తేడా ఎక్కడుంటుంది? అందుకని గైడుతో కూర్చుని పథకం మార్చారు. మొదట కొన్ని నెలలు అందరికీ మామూలు సలహాలే. వాళ్లంతా డిశ్చార్జి అయ్యాక వచ్చినవాళ్లకు శిక్షణ. లాటరీ అంత గట్టి పద్ధతి కాదిది. వైవాలో అడుగుతారని ఆవిడకు తెలుసు. "వార్డు తెలియనివాళ్లకు ఇది లోపంలా కనిపిస్తుంది. తెలిసినవాళ్లు ముందే అడుగుతారు, పక్క మంచం సంగతేం చేశావని."

నిబంధనల మాటకొస్తే, 2022 యూజీసీ నియమాల ప్రకారం రెండేళ్ల పీజీ చేసి చేరేవాళ్లకు అందులో సాధారణంగా కనీసం 55 శాతం మార్కులుండాలి. కోర్సువర్కుతో కలిపి తక్కువలో తక్కువ మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. ఎక్కువమంది స్త్రీలే ఉన్న వృత్తిలో, ఉద్యోగమూ పిల్లలూ ఉన్న వయసులో మొదలయ్యే చదువుకు ఈ రెండేళ్లు చిన్న విషయం కాదు.

అసలు చిక్కు పట్టా చేతికొచ్చాక. నర్సింగ్ కాలేజీలో ప్రొఫెసర్, ప్రిన్సిపల్ పదవులకు పీహెచ్‌డీ ఉంటే మేలని కౌన్సిల్ అంటుంది. ఆసుపత్రి వైపు స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, సూపరింటెండెంట్ అని సాగే నిచ్చెనలో దానికి చోటు లేదు. దాంతో వార్డులో ప్రశ్న పట్టుకున్న మనిషి, జవాబు దొరికాక తరగతి గదికి వెళ్లిపోవాల్సి వస్తుంది. వేలూరులో ఏర్పాటు భిన్నం. కాలేజీలో పాఠం చెప్పేవాళ్లే ఆసుపత్రిలో నర్సింగ్ సేవల బాధ్యతా చూస్తారు. ఉదయం వార్డులో చూసిన లోటు మధ్యాహ్నం పాఠంలోకి వస్తుంది, పరిశోధనలో తేలినది మళ్లీ వార్డు పద్ధతిలోకి వెళ్లే వీలుంటుంది.

మన రెండు రాష్ట్రాల్లోనూ నర్సింగ్ కాలేజీలకు కొదవ లేదు. పీహెచ్‌డీ సీట్లు పెంచమని అడగడం సబబే. దాంతో పాటు ఆ పట్టా ఉన్న నర్సుకు ఆసుపత్రిలో ఒక పోస్టు, వార్డు పద్ధతిని మార్చే అధికారం కూడా అడగాలి. ఇదే మాట ఆవిడతో అంటే, "నాకు శిక్షణ లెక్క సరిగ్గా తేలితే డిశ్చార్జి కాగితంలో ఒక పేజీ పెంచాలండీ, చూసుకునే మనిషి నిద్ర గురించి. పేజీ పెంచమని చెప్పే కుర్చీ ఎవరిదో, అక్కడ నర్సు కూర్చోవాలి" అన్నారు.