సున్న నడిమి ముక్క

పిల్లలూ, చార్మినారు చూడబోయినవాళ్ళు గాజులు కొనుక్కుని తిరిగి వచ్చేస్తారు. ఈసారి మీరు వెళితే ఇంకాస్త నడవండి. పత్తర్‌గట్టి దాటి, తూర్పుగా పురానీ హవేలీ వైపు మళ్ళితే ఛత్తా బజారు వస్తుంది. పెళ్ళి శుభలేఖలకు పేరుపడిన వీధి అది. దుకాణాలలో అట్టల దొంతరలు, సిరా వాసన.

ఒకప్పుడు ఇక్కడ కాతిబులు చాలామంది వుండేవారు. కాతిబు అంటే అందంగా వ్రాసిపెట్టేవాడు. ఉర్దూను వ్రాసే నస్తాలీఖ్ పద్ధతిలో అక్షరాలు ఒకదాని భుజం మీదినుంచి ఒకటి ఏటవాలుగా జారుతాయి. సీసపు అచ్చక్షరాలు పేర్చి ఆ వొంపు తీసుకురావటం మహా కష్టం. అందుకని కాతిబు కలంతో వ్రాస్తే, ఆ వ్రాతనే అచ్చు వేసేవారు. కంప్యూటర్లు వచ్చాక వారి సంఖ్య బాగా తగ్గిపోయింది.

చేతివ్రాతను వున్నదున్నట్టు దింపే అచ్చులలో స్క్రీన్ ప్రింటింగ్ ఒకటి. చట్రానికి బిగించిన సన్నని వలగుడ్డకు, వెలుతురు తగిలితే గట్టిపడే జిగురు పూస్తారు. నల్లని అక్షరాలున్న ఫిలిమును దానికి ఆనించి దీపం వేస్తారు. అక్షరాల నీడ పడినచోట జిగురు మెత్తగానే వుండి, నీళ్ళకు కొట్టుకుపోతుంది. పైన సిరా పోసి రబ్బరు పలకతో లాగితే, అది ఆ కన్నాలలోనుంచి మాత్రమే కాగితం మీదికి దిగుతుంది. ఎన్ని రంగులుంటే అన్ని తెరలు కావాలి.

ఇంతకూ ఆ గుడ్డ ఎందుకు? అట్టలో అక్షరం కత్తిరించి రంగు పూస్తే చాలదా?

ఇంట్లోనే చేసి చూడండి. మీ పుట్టినరోజుకు స్నేహితులను పిలవాలనుకోండి. పలచని కాగితం మీద మీ వ్రాతతోనే పెద్దగా ‘రండి’ అని వ్రాసి, పెద్దవారి చేత బ్లేడుతో ఆ గీతల వెంట కోయించండి. ‘ర’ బొజ్జ, సున్న నడిమి ముక్క, ‘డి’ మీది గుడి లోపలి ముక్క వూడి కింద పడతాయి. అవి లేకుండా రంగు వేస్తే సున్న కాస్తా పెద్ద చుక్క అవుతుంది! జపానువారు ఇటువంటి విడి ముక్కలను సన్నని పట్టుదారాలతో పట్టి వుంచేవారు. మాంచెస్టరులో సామ్యూల్ సైమన్ అనే ఆయన 1907లో పట్టుగుడ్డ తెరతో అచ్చువేసే పద్ధతికి పేటెంటు పొందాడు.

మనకు ఆర్గండీ గుడ్డ చాలు. ఎంబ్రాయిడరీ చేసే గుండ్రటి చట్రంలో దానిని డప్పులా బిగించండి. మామూలు కాగితం పరచి, దానిమీద కోసిన కాగితం పెట్టి, వూడిన ముక్కలను వాటి వాటి చోట్ల అమర్చండి. కోసిన కాగితం చట్రం కన్న పెద్దదిగా వుండాలి. గుడ్డవైపు కిందికి వచ్చేటట్టు చట్రాన్ని దానిమీద ఆనించండి. బట్టలకు వేసే రంగు, గడ్డపెరుగులా చిక్కనిది, ఒక అంచున వేసి, గట్టి అట్టముక్కను ఏటవాలుగా పట్టి ఒక్కసారి ఇవతలికి లాగండి. నీళ్ళు కలిపారో, రంగు పాకిపోతుంది.

చట్రం మెల్లగా ఎత్తండి. రంగు తడికి కాగితమూ, ఆ చిన్న ముక్కలూ గుడ్డకే అంటుకుని పైకి వస్తాయి. ఇక తరువాతి అచ్చులలోనూ సున్న సున్నగానే వుంటుంది.

పని కాగానే గుడ్డను కడగండి. మొదటిసారి నేను భోజనానికి పిలిస్తే వెళ్ళి, తిరిగి వచ్చేసరికి రంగు ఎండి కన్నాలన్నీ పూడుకుపోయి, నా ఆర్గండీ అప్పడంలా బిగుసుకుని కూర్చున్నది.